పేర్లయ్యాకే నీళ్ళు

సోమవారం

ఈ దినచర్యలో పనికి సంబంధించినవి తప్ప సొంత అభిప్రాయాలు రాయకూడదని సంఘం నియమం. ఆ నియమం పెట్టినవాళ్ళెవరూ మా అత్తగారితో ఒకే ఇంట్లో కాపురం చేయలేదు. కాబట్టి రాస్తాను.

నేను మేడిశెట్టి సుభద్రని. నావలపాలెం నీటి సంఘంలో పొంతనల అధికారిని. ఒకరు రాసిన కోడునీ ఇంకొకరు రాసిన కోడునీ కలిపి ఏ యంత్రంలో పెట్టాలన్నా, ఆ రెండింటి లైసెన్సులకీ పొంతన కుదురుతుందో లేదో చూసి చెప్పడం నా ఉద్యోగం. పెళ్ళిళ్ళ పేరయ్య పని లాంటిదే. కాకపోతే పెళ్ళిలో జాతకాలు కుదరకపోయినా ఏదో ఒక పూజ చేయించి కానిచ్చేస్తారు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ప్రతి యంత్రంలోనూ కావలి అనే చిప్పు ఒకటి ఉంటుంది. లోపలి కోడుల షరతులు ఒకదానితో ఒకటి సరిపడకపోతే అది యంత్రాన్ని ఆపేస్తుంది. బతిమాలితే వినదు, లంచం తినదు, మనూరివాళ్ళే కదా అని చూడదు.

ఊరంటే గొలుసులతో కలిపి కట్టిన పంట్లనే బల్లపరుపు పడవలు, వాటిమీద ఇళ్ళు, చుట్టూ సముద్రం. అందరూ తాగేది ఒకే ఒక్క యంత్రం నీళ్ళు. సముద్రంలోంచి నీళ్ళు తోడే పంపు కోడు 'పంచుకో' లైసెన్సులో ఉంది. తీసుకో, మార్చుకో, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం నీకెలా వచ్చిందో అలాగే ఇయ్యి, కొత్త షరతులు తగిలించకు అంటుందది. ఆ నీళ్ళలో ఉప్పు తీసే వడపోత కోడు రాసింది మా మామగారు. ఆయన దాన్ని 'చెప్పుకో' లైసెన్సులో పెట్టి పోయారు. ఊరికే వాడుకో, కానీ యంత్రం నడిచిన ప్రతిసారీ రాసినవాడి పేరు పైకి చెప్పించు అంటుందిది.

ఒక్క పేరుతో ఆగి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. కానీ మావాళ్ళ సంగతి తెలిసిందే. గుడికి ఫ్యాను ఇస్తే రెక్కరెక్కకీ పేరు రాయించుకునే రకం. నేల మునిగి నీళ్ళమీదికి వచ్చినా ఆ బుద్ధి మాత్రం తడవకుండా బయటపడింది. వడపోత కోడులో ఏం చేర్చినా చేర్చినవాళ్ళ పేరు కూడా యంత్రం చదువుతుందని తెలియగానే ఊరు ఊరంతా ప్రోగ్రామర్లయిపోయారు. సుబ్బారాయుడు మాస్టారు చేర్చింది 'ఇక్కడ జాగ్రత్త' అన్న మాట ఒక్కటే. దేనికి జాగ్రత్తో రాయలేదు. బొండాడవారి అబ్బాయి ఒక ఖాళీ వరస చేర్చాడు, వాళ్ళ బాబాయి దాన్ని తీసేశాడు, యంత్రం ఇద్దరి పేర్లూ చదువుతుంది. ఇంకొకాయన మునిగిపోయిన తన పడవ జ్ఞాపకార్థం రెండు వరసలు రాశాడు. ఇప్పుడు కుళాయి మీట నొక్కి, ఇంటికెళ్ళి పొయ్యిమీద పప్పు పడేసి వస్తే, అది ఉడికే వేళకి పేర్లవుతాయి. ఆ తరవాతే నీళ్ళు.

ఈ ఉదయం పేర్లన్నీ అయి, బిందె సర్దుకునేలోపు కొత్త మాట వినిపించింది. కావలికి కొత్త వెర్షన్ వచ్చిందట. ఇన్నాళ్ళూ చూసీచూడనట్టున్నది ఇప్పుడు కళ్ళు పెట్టి చూసింది.

"పంచుకో కొత్త షరతులు వద్దంటోంది. చెప్పుకో పేర్లు చెప్పాల్సిందేనని షరతు పెడుతోంది. ఈ రెండూ ఒకే యంత్రంలో ఇమడవు. పౌర్ణమి వరకు గడువు. ఆ తరవాత పంపు ఆపేస్తాను."

పౌర్ణమి వచ్చే ఆదివారం. వానలు ఎక్కడో ఉన్నాయి. ఈ సంబంధం కుదిర్చింది నేను కాదనీ, నాకు ముందు పనిచేసినాయన అనీ ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆయన పేరు కూడా యంత్రం చదువుతుంది.

మంగళవారం

సంఘం అధ్యక్షుడు త్రిమూర్తులుగారు పిలిపించారు. ఆయనకి ప్రపంచంలో ప్రతి సమస్యా ఎవరో ఒకరికి ఫోన్ చేస్తే తీరేదే.

"ఆ పంచుకో వోళ్ళనే కూత్త సర్దుకోమని చెప్పమ్మా సుభద్రా. మనం అడిగితే కాదంటారేటి?"

"పంపు కోడు రాసింది ఒకరిద్దరు కాదండీ. దేశదేశాలవాళ్ళు వేలమంది రాశారు. వాళ్ళలో సగంమంది ఊళ్ళు మనూరికంటే ముందే మునిగాయి. ఎవరినని అడుగుతాం?"

ఆయన కాసేపు మీసం సవరించుకున్నారు.

"అయితే గవరయ్యన్న కోడు లైసెన్సే మార్చేద్దాం. నేనే మార్చేత్తాను. ఎక్కడ వేలెయ్యాలో చూపించు."

గవరయ్యంటే మా మామగారే. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది.

"మీరెలా మారుస్తారండీ?"

"అదేంటమ్మా? ఒడ్డు మునిగిపోతుంటే ఆ చిప్పు జేబులో ఏసుకుని ఇక్కడికి తెచ్చిందెవరు? నేను. నా చేత్తో ఊరికిచ్చాను. నేనిచ్చిందే కదా మీరంతా వాడతన్నారు. ఇచ్చినోడికి మార్చే అక్కు లేదా?"

ఊళ్ళో చాలామంది ఇలాగే అనుకుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. చెప్పుకో లైసెన్సులో మధ్యవాళ్ళకి చోటు లేదు. వాడుకునే ప్రతి మనిషికీ హక్కు రాసినవాళ్ళ దగ్గర్నుంచి నేరుగా వస్తుంది. చేతులు మారింది చిప్పు మాత్రమే. మధ్యలో మోసుకొచ్చినవాళ్ళు ఆ హక్కుని ఇంకొకరికి ఇవ్వలేరు, మార్చలేరు, కోపం వస్తే వెనక్కీ తీసుకోలేరు.

"పెళ్ళిలో లడ్డూలు వడ్డించినంత మాత్రాన పెళ్ళికూతురి తండ్రి అయిపోరు కదండీ," అన్నాను.

ఆయన నమ్మలేదు. యంత్రం దగ్గరికి నడిచి, వేలు పెట్టి, "మొత్తం కోడు 'వాడుకో' లైసెన్సులోకి మార్చేత్తన్నాను," అన్నారు. "మీరు రాసింది 'స్వాగతం' అన్న ఒక్క వరస. మిగతాది మీది కాదు, మీరు మార్చలేరు," అంది కావలి. ఆయన ఇంకో వేలు పెట్టి చూశారు. ఎడమ చేతివి కూడా పెట్టి చూశారు. చుట్టూ బిందెలు పట్టుకుని ఉన్న జనం నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలూ పడ్డారు.

ఆయన మార్చబోయిన వాడుకో లైసెన్సు మంచి గుణవంతురాలైన పిల్ల లాంటిది. ఏ ఇంట్లోనైనా ఇమిడిపోతుంది, పంచుకోతో కూడా. రాసినవాళ్ళ పేరు కోడు లోపల ఉంటే చాలంటుంది, పైకి చదవమనదు. కాబట్టి దారి ఒకటే. ఎవరి వరసలు వాళ్ళే వాడుకోలోకి మార్చుకోవాలి. మామగారు పోయారు కాబట్టి ఆయన రాసినదాన్ని ఆయన భార్యే మార్చాలి, ఆవిడ ఉండగా పిల్లలకి కూడా ఆ హక్కు లేదు. అంటే మా అత్తగారు వరహాలమ్మ.

ఈ మాట చెప్పగానే అందరూ నావైపు జాలిగా చూసి ఇళ్ళకెళ్ళిపోయారు.

బుధవారం

అన్నం పెడుతూ కదిపాను. అత్తగారు ముద్ద కలుపుతూనే అన్నారు.

"కుదర్దు."

"పూర్తిగా వినండత్తయ్యా. పేరెక్కడికీ పోదు. కోడు లోపల రాసే ఉంటుంది."

"లోపలుంటే ఎవరికి ఇనపడద్దే?"

"పౌర్ణమికి పంపాగిపోతుంది. ఊరంతా దాహంతో అల్లాడుతుంది."

"ఆ మాటేదో ఎల్లి త్రిమూర్తులికి చెప్పు. రాసిన మనిషి పేరు ఎక్కడో అడుగున, మోసుకొచ్చినోడి పేరు మొదటా? అది సదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోద్ది."

నిజమే. త్రిమూర్తులుగారి 'స్వాగతం' కోడు మొదట్లో ఉంది కాబట్టి ఆయన పేరే మొదట వస్తుంది. కానీ ఇది పేర్ల వరస గురించి పంతాలకి పోయే సమయమా? నాకు కోపం ఆగలేదు. "ఒక్క పేరు కోసం మనవల నోళ్ళు ఎండబెడతారా?" అనేశాను. అన్నాక, అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

అత్తగారు చెయ్యి కడిగేసుకున్నారు. ఇంట్లో బిందెలన్నీ నిండుగా ఉన్నా ఆవిడ రోజూ చిన్న చెంబు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళతారు. ఊళ్ళోవాళ్ళ కబుర్ల కోసమనుకునేదాన్ని.

"నలభయ్యేళ్ళు కాపురం చేశాను," అన్నారు గోడవైపు చూస్తూ. "ఒక్కనాడూ ఆయన్ని పేరెట్టి పిలవలేదు. మా కాలంలో మొగుడి పేరు ఎవరంటారే? ఇప్పుడూ నా నోటితో అనను. నువ్వు మావయ్యంటావు. పిల్లలు తాతయ్యంటారు. ఆ యంత్రం కూడా అనకపోతే ఇంకెవరంటారే?"

కృష్ణా, గోదావరి జిల్లాలు సగం మునిగాయి కానీ మొగుడి పేరు పలకకూడదన్న ఆచారం మాత్రం మునగలేదు. మామూలుగా అయితే నవ్వేదాన్ని. ఇవాళ నవ్వు రాలేదు. ఆవిడ మీద కోపం పోలేదు, జాలి కూడా పోలేదు. ఈ రెంటికీ పొంతన ఎలా కుదర్చాలో నా శిక్షణలో చెప్పలేదు.

శుక్రవారం

మామగారి కోడు తీసేసి కొత్త వడపోత రాసేస్తానని సుబ్బారాయుడు మాస్టారు ముందుకొచ్చారు. రాశారు. దాంతో వచ్చిన నీళ్ళతో పప్పు వండితే ఉప్పు వెయ్యక్కర్లేదు. ఇంకొంచెం ఉడికిస్తే ఉప్పే మిగులుతుంది. మాస్టారు ఒక గుక్క తాగి, "ఇక్కడ జాగ్రత్త అని ముందే రాశాను కదా," అన్నారు. మళ్ళీ మామగారి కోడే పెట్టాం.

గడువు దగ్గర పడేకొద్దీ కావలి ధార తగ్గిస్తోంది. ఇవాళ కుళాయిలోంచి చిటికెనవేలంత నీళ్ళు వచ్చాయి. పేర్లు మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

అత్తగారి సంగతి తరవాత చూద్దాం, మిగతావాళ్ళనైనా ఒప్పిద్దామని పంటు పంటుకీ తిరిగాను. కాదన్నవాళ్ళు ఒక్కరు లేరు. "అయ్యో, ఊరికంటే పేరెక్కువేటండీ? తీసెయ్యండి. ముందా పక్కింటోళ్ళది తీసెయ్యండి, ఎనకాలే మాదీ," అని ప్రతివాళ్ళూ అన్నారు. పక్కింటికి వెళితే వాళ్ళు వీళ్ళని చూపించారు. బొండాడవారి అబ్బాయి బాబాయి మార్చాక మారుస్తానన్నాడు. బాబాయి, తను తీసేసిన వరస వాడిదే కాబట్టి వాడే ముందు మార్చాలన్నాడు. లేని వరస గురించి ఇద్దరూ నా ముందే కొట్టుకున్నారు.

సాయంత్రానికి కాళ్ళు పీకుతుంటే ఒక ఆలోచన వచ్చింది. మావాళ్ళు పేరు వదులుకోవడానికి ఒప్పుకోరు. పేరు వదులుకున్నందుకు పేరొస్తుందంటే మాత్రం ఒప్పుకుంటారు.

'పేరు త్యాగం చేసిన మహాదాతలకు ఆదివారం పంపు దగ్గర ఘన సన్మానం. శాలువా, పూలదండ. త్యాగం చేసిన వరసలో దాతల పేర్లు మైకులో చదవబడును.' ఇలా నాలుగు చోట్ల అతికించాను. తిరిగి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఇరవైమంది ఉన్నారు. అందరికంటే ముందు త్రిమూర్తులుగారు.

"అధ్యక్షుణ్ని కదమ్మా, మొదటి త్యాగం నాది రాసుకో," అన్నారు.

శనివారం

పొద్దున్న ఒక పడవ వచ్చింది. మాకు తూర్పున ఉప్పుదిబ్బ అని ఇంకో తేలే ఊరుంది. అక్కణ్ణుంచి నూకరత్నం అనే ఆవిడ నాలుగు డబ్బాలు వేసుకుని నీళ్ళ కోసం వచ్చింది. నెలకోసారి వస్తుందట, నేను చూడటం ఇదే మొదలు. ధార సన్నగా ఉండటంతో కుళాయి దగ్గర చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. పక్కన చెంబుతో మా అత్తగారు.

"మాకాడ నీల్లు ఉప్పు కసాయమేనండి," అంది నూకరత్నం. "మా సంటోడు మీ నీల్లయితేనే తాగుతాడండి. మాయి ఇచ్చామంటే ఊసేత్తాడు."

"మీకు యంత్రం లేదేటే?" అన్నారు అత్తగారు.

"ఉందండి. వడకట్టే కోడే మంచిది లేదండి. మీయూరిది అడిగేం. పెట్టి సూసేం కూడానండి. మా కావలి మీకంటే ముందే కళ్ళు తెరిసింది. పేర్లు సదివే సరతు ఉన్న కోడు మా పంపుతో కలపనని కూకుంది. మాదే కాదండి, పగడాలపేటోళ్ళదీ, సంగం ఊరోళ్ళదీ కూడా అలాగే అయ్యింది. ఎవరో మహానుభావుడు రాసేడు గానండి, మీ ఊరు దాటి ఎల్లలేకపోయింది."

యంత్రం అప్పుడే పేర్ల అడుగుకి వచ్చి మామగారి పేరు చదివింది. నూకరత్నం డబ్బా మూత తీసుకుంటూ అది వినలేదు. అత్తగారు విన్నారు, తరవాత నూకరత్నం వైపు చూశారు, తరవాత చేతిలో చెంబులో నీళ్ళవైపు చూశారు. చెంబులో నీళ్ళు డబ్బాలో పోసేసి ఇంటికొచ్చేశారు.

భోజనాల దగ్గర నన్నడిగారు. "మూడూళ్ళంటే ఎంతమంది ఉంటారే?"

"రెండువేలమంది ఉంటారత్తయ్యా."

"ఆళ్ళందరూ కసాయమే తాగుతున్నారా?"

"అవునత్తయ్యా."

"ఆయన వండిన అన్నం గిన్నెలోనే ఉంచి, గిన్నెమీద పేరు సదూకుంటున్నానన్నమాట," అన్నారు. కంచం ఎత్తుతూ, "రేపు సన్మానంలో ఆ త్రిమూర్తులు పక్కన నన్ను కూకోబెట్టావంటే చూడు," అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. ఉల్లిపాయలు తరుగుతున్నానని రాద్దామనుకున్నాను కానీ ఉల్లిపాయలు అయిపోయి నెలయింది.

ఆదివారం, పౌర్ణమి

పంపు దగ్గర ఇసకవేస్తే రాలనంత జనం. నూకరత్నం కూడా ఖాళీ చిప్పు ఒకటి కొంగున కట్టుకుని వచ్చి నిలబడింది. సంఘానికి ఉన్నది ఒకటే శాలువా. ఒకరికి కప్పి, చప్పట్లయ్యాక తీసి, మడతపెట్టి, తరవాతివారికి కప్పాం. మొదట కప్పించుకున్న త్రిమూర్తులుగారు మాత్రం తీయనివ్వలేదు. కొసని పట్టుకుని లాగవలసి వచ్చింది. తరవాత ఆయన త్యాగం గురించి మాట్లాడారు. సుబ్బారాయుడు మాస్టారు ఇంకా ఎక్కువ మాట్లాడారు. యంత్రం రోజూ చదివే పేర్లకంటే త్యాగాలకే ఎక్కువసేపు పట్టిందని ఇక్కడ నమోదు చేస్తున్నాను. బొండాడవారి అబ్బాయికీ బాబాయికీ శాలువా ఇద్దరి మీదా కలిపి కప్పితే గాని గొడవ తెగలేదు.

ఒక్కొక్కరూ కావలి ముందు నిలబడి తమ పేరు చెప్పి, తమ వరసల్ని వాడుకోలోకి మారుస్తున్నామన్నారు. ఒక్కొక్కరికీ "మార్చాను" అంది కావలి. చివరికి మిగిలింది మామగారి కోడు ఒక్కటే. ధార దాదాపు ఆగిపోయింది, కుళాయి కొసన చుక్క వేలాడుతోంది. అత్తగారు బిందె కుళాయి కింద పెట్టి కావలి ముందుకి వెళ్ళారు.

"వారసులుగా వచ్చారు. ఎవరు రాసిన కోడు మారుస్తున్నారో మీ గొంతుతో చెప్పండి," అంది కావలి.

ఇంతవరకూ ఊళ్ళో వారసులెవరూ కోడు మార్చడానికి రాలేదు. వేలిముద్ర చాలనుకున్నాను.

"ఆయన రాసిందే," అన్నారు అత్తగారు.

"గుర్తించలేదు."

"మా పెద్దోడి నాన్నగారిది."

"గుర్తించలేదు."

"మేడిశెట్టోరిది."

"మేడిశెట్టి ఇంటిపేరుతో నలుగురున్నారు. పూర్తి పేరు చెప్పండి."

"నేను చెప్తానుండు వదినా," అని త్రిమూర్తులుగారు ముందుకొచ్చారు. "మీరు వారసులు కారు," అంది కావలి. జనంలోంచి తలో సలహా వచ్చింది. పాటలో కలిపి పాడెయ్యమని ఒకరు, కళ్ళు మూసుకుని అనెయ్యమని ఒకరు. నలభయ్యేళ్ళు నోట రాని మాట నలుగురిలో నిలబెట్టి అనిపించాలంటే నా వల్ల కాలేదు. వేరే దారి లేదని తెలిసి కూడా దగ్గరికి వెళ్ళి చెవిలో అన్నాను.

"వద్దులెండత్తయ్యా. ఇంటికెళ్ళిపోదాం. ఇంకేదైనా చూద్దాం."

"ఊరుకోవే," అన్నారు. కొంగు తలమీదికి లాక్కున్నారు. కావలివైపు చూడలేదు, పంపు వెనక ఎవరో పడుకుని ఉన్నట్టు అటు చూసి, ఒక్క కేక పెట్టారు.

"మేడిశెట్టి గవరయ్యా!"



"గుర్తించాను. మార్చాను," అంది కావలి. ఆ మాట పూర్తికాకుండానే కుళాయి భళ్ళున విప్పుకుంది. ముందు స్వాగతం లేదు, పేర్లు లేవు, పడవ జ్ఞాపకార్థం లేదు. నీళ్ళొచ్చాయి, అంతే. చూస్తుండగానే బిందె నిండి పొర్లింది. నూకరత్నం పైకే ఏడ్చేసింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

అత్తగారు పొర్లుతున్న బిందెనే చూస్తూ నిలబడ్డారు. తరవాత తడి కళ్ళతో, మంచి కోపంగా నావైపు తిరిగారు.

"చూశావటే అమ్మాయ్! నలభయ్యేళ్ళు ఏవండీ, ఏవండీ అని గొంతు చించుకున్నా ఒక్క పనికీ కుర్చీలోంచి లేచిన మనిషి కాదు. పేరెట్టి పిలిత్తే ఇంత తొందరగా పలుకుతారని ముందే తెలిసుంటే బాగుండును కదే!"

నిండిన బిందె పక్కకి జరిపి రెండోది పెట్టారు. ఈసారి కావలి ఏమీ అడగలేదు. అయినా ఆవిడ మళ్ళీ పేరు పెట్టి పిలిచారు.